టాక్సీ డ్రైవర్ బెన్నీ, బస్సు డ్రైవర్ నాన్న

నేను చూసిన మొదటి నాస్కార్ రేసులో నాకేమీ కనపడలేదు. నాస్కార్ అంటే అమెరికాలో పెద్ద కార్ల రేసులు నడిపే సంస్థ. 2014 మే నెలాఖరు ఆదివారం, షార్లెట్ మోటార్ స్పీడ్‌వేలో కోకా-కోలా 600. ఉద్యోగం మీద నార్త్ కరోలినా వచ్చి అప్పటికి ఏడాది. పేరు షార్లెట్‌దే గానీ ట్రాక్ ఉండేది పక్కనున్న కాంకర్డ్ ఊళ్లో. మైలున్నర చుట్టు. అలాంటివి 400, మొత్తం 600 మైళ్లు. మన లెక్కలో దాదాపు 966 కిలోమీటర్లు. నాస్కార్‌లో ఏడాది మొత్తం మీద ఇంతకన్నా పొడవైన రేసు లేదు. సాయంత్రం ఎండలో మొదలై రాత్రి లైట్ల కింద అయిపోతుంది.

కార్లన్నీ గుంపుగా ముందునుంచి వెళ్లినప్పుడు ఆ చప్పుడు ఛాతీలో తగిలింది. పది చుట్ల దాకా ఒళ్లు పులకరించింది. ఇరవయ్యో చుట్టుకు ఎవరు ముందున్నారో, ఎవరు ఒక చుట్టు వెనకబడ్డారో తెలియకుండా పోయింది. వందో చుట్టు వచ్చేసరికి నేను ట్రాక్ వదిలేసి జనాన్ని చూస్తూ కూర్చున్నాను. పక్కవాళ్లు ఉన్నట్టుండి లేచి నిలబడుతున్నారు, తల పట్టుకుంటున్నారు, మళ్లీ కూర్చుంటున్నారు. వాళ్లకు కనపడుతున్నదేదో నాకు కనపడటం లేదు.

నన్ను తీసుకెళ్లింది మా టీమ్‌లో పనిచేసే పెద్దాయన. రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ మనిషి, సొంతూరు ఇదే రాష్ట్రంలో కొండల వైపున్న విల్క్స్ కౌంటీ. పార్కింగ్‌లోంచి బయటపడటానికే గంట పట్టింది. ఆ గంటలో ఆయన నాకు చెప్పింది ఒకటే. ముందు ఇంట్లో కూర్చుని బెన్నీ పార్సన్స్ మాట విను, తర్వాత స్టాండ్‌లో కూర్చో. బెన్నీ మా వైపు వాడు, కారు తోలి గెలిచినవాడు, ఆ తర్వాత మా అందరికీ రేసు చూడటం నేర్పినవాడు అన్నాడు.

బెన్నీ 2007లోనే పోయాడు. కానీ పాత రేసుల ప్రసారాలు యూట్యూబ్‌లో ఉన్నాయి. ఆ వేసవంతా రాత్రి అన్నం తిన్నాక ఒక్కో పాత రేసు పెట్టుకునేవాణ్ణి. 1990ల నాటి ఈఎస్‌పీఎన్ ప్రసారాలు. వ్యాఖ్యాతలు ముగ్గురు. బాబ్ జెంకిన్స్, నెడ్ జారెట్, బెన్నీ పార్సన్స్. జెంకిన్స్ మొదటినుంచీ ప్రసారాల మనిషి. మిగతా ఇద్దరూ ఒకప్పుడు ఛాంపియన్లు. మన వేణుగోపాలరావు, ఎమ్మెస్కే ప్రసాద్ లాంటివాళ్లు తెలుగులో క్రికెట్ చెబుతుంటే బ్యాటు పట్టినవాడి మాట వేరుగా ఉంటుంది కదా, ఇదీ అంతే.

బెన్నీ గొంతులో ఎక్కడా గొప్ప కనపడదు. పక్కింటి బాబాయి అరుగు మీద కూర్చుని చెబుతున్నట్టు ఉంటుంది. నాకు ముందుగా పట్టుబడినవి రెండు మాటలు. టైట్, లూజ్. స్టీరింగ్ ఎంత తిప్పినా ముందు చక్రాలు మాట వినకుండా కారు గోడవైపు పోతుంటే టైట్. మలుపులో వెనకభాగం జారి ముందుకు రావాలని చూస్తుంటే లూజ్. ఈ రెండింటికీ మధ్య ఎక్కడో ఒక సన్నని జాగా ఉంటుంది. అక్కడ కారును నిలబెట్టుకోవడమే రేసంతా. ఎండ తగ్గి ట్రాక్ చల్లబడితే టైర్ల పట్టు మారుతుంది, సాయంత్రం సరిపోయిన సెట్టింగ్ రాత్రికి సరిపోదు. ఇది తెలిశాక కోకా-కోలా 600 ఎందుకంత కష్టమో అర్థమైంది. ఒకే రేసులో రెండు ట్రాకులు తోలినట్టు.

ఆదివారం ఆదివారం నాన్నకు ఫోన్ చేయడం అలవాటు. నాన్న ఆర్టీసీ డ్రైవర్. మార్కాపురం డిపోలో 27 ఏళ్లు. ఎక్కువ కాలం శ్రీశైలం సర్వీసే. ఇంట్లో ఏనాడూ బస్సు గురించి మాట్లాడింది లేదు. డ్యూటీ దిగి వచ్చి, ఖాకీ చొక్కా విప్పి కొయ్యకు తగిలించి, రెండు చెంబులు నీళ్లు పోసుకుని పడుకునేవాడు. రిటైరయ్యాకా అంతే. మా ఫోన్ మాటలు అయిదు నిమిషాలు దాటేవి కావు. తిన్నావా, బాగున్నావా, వానలు పడ్డాయా.

ఒక ఆదివారం ఇంకేం మాట్లాడాలో తోచక ఈ టైట్, లూజ్ సంగతి చెప్పాను. నాన్న వెంటనే అందుకున్నాడు.

"వెనక తోస్తదన్నమాట. టాపు మీద లోడెక్కువైతే మలుపులో మన బండీ అట్నే చేస్తది. అప్పుడు బ్రేకు మీద కాలు పెట్టాడో, అయిపోయాడు. వాళ్లేం చేస్తారు?"

నాకు తెలియదు. కనుక్కుని చెప్తానన్నాను. ఆ రోజు నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం.

అక్కణ్నుంచి వారమంతా నాన్న ప్రశ్నలకు జవాబులు వెతుక్కోవడం నా పని అయింది. రేసు కారులో స్పీడోమీటర్ ఉండదని చెబితే నమ్మలేదు. పెట్రోలు ముల్లు కూడా ఉండదని చెబితే ఫోన్ అమ్మకిచ్చి "వీడేదో చెబుతున్నాడు, నువ్వే విను" అన్నాడు. తలుపులు తెరుచుకోవని, కిటికీలోంచి దూరి కూర్చోవాలని, లోపల వేడి 50 డిగ్రీలు దాటుతుందని చెప్పాను. "మన ఇంజన్ బానెట్ పక్కన మే నెల్లో అంతే ఉంటది" అన్నాడు. ఆయన ఒంటికి ఆ వేడి తెలుసు. నాకది అప్పటిదాకా తెలియదు.

బెన్నీ కథ మాత్రం నాన్న కోసం విడతలు విడతలుగా చెప్పాను. 1941లో విల్క్స్ కౌంటీ కొండల దిగువన పుట్టాడు. అమ్మానాన్నలు పని వెతుక్కుంటూ డెట్రాయిట్ పోతే బెన్నీ ముత్తవ్వ దగ్గర పెరిగాడు. చదువయ్యాక తనూ డెట్రాయిట్ చేరాడు. వాళ్ల నాన్నకు అక్కడ టాక్సీల వ్యాపారం, ఒక పెట్రోలు బంకు. బెన్నీ బంకులో పని చేశాడు, టాక్సీ తోలాడు. ఒకరోజు రేసు కారును లాక్కుంటూ బంకు దగ్గర ఆగిన ఇద్దరు, వస్తావా అని అడిగితే వాళ్ల వెంట ట్రాక్‌కు పోయాడు. అట్లా మొదలైంది. 1968లో, 1969లో వరసగా ఆర్కా అనే ఇంకో రేసుల పోటీలో ఛాంపియన్ అయ్యాడు. నాస్కార్‌కు వచ్చాక కూడా ఎంట్రీ ఫారాల్లో వృత్తి అని ఉన్నచోట "టాక్సీ డ్రైవర్" అనే రాసేవాడు.

ఈ మాట దగ్గర నాన్న ఆగమన్నాడు. "ఛాంపియన్ అయ్యాక కూడానా?"

"అవును నాన్నా."

"మంచోడురా" అన్నాడు. ఆ తర్వాత బెన్నీ పేరు ఎప్పుడూ ఎత్తలేదు. "టాక్సీ ఆయన" అనేవాడు.

నాన్నకు బాగా నచ్చిన కథ 1973 అక్టోబరుది. ఆ సీజన్ మొత్తంలో బెన్నీ గెలిచింది ఒక్క రేసు, బ్రిస్టల్లో. కానీ ప్రతి వారం నిలకడగా ముగించి పాయింట్లలో పైనున్నాడు. ఆఖరి రేసు రాకింగ్‌హామ్‌లో. బెన్నీ బండి యజమాని ఎల్.జి. డెవిట్‌ది దగ్గర్లోని ఎల్లర్బీ ఊరు. అంటే సొంత గడ్డ, సొంత జనం. 13వ చుట్టులోనే కారు గుద్దుకుంది. కుడిపక్క రేకంతా ఊడిపోయి లోపలి పైపుల చట్రం కూడా దెబ్బతింది. అక్కడితో అంతా పోయినట్టే. అప్పుడు వేరే టీముల మెకానిక్కులు పరుగెత్తుకొచ్చారు. ఆ రోజు రేసులో లేని ఇంకో కారు నుంచి పైపులు కోసి తెచ్చి ఇక్కడ వెల్డింగ్ చేశారు. వందకు పైగా చుట్లు పోయాక బెన్నీ ఆ అతుకుల బండిని మళ్లీ ట్రాక్ మీదికి తెచ్చాడు. 28వ స్థానంలో ముగించాడు. ఛాంపియన్‌షిప్‌కు అది చాలింది.

నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. ఘాట్లో బండి ఆగిపోతే ఏ డిపో బస్సు వచ్చినా ఆగాల్సిందేనట. రూలుందో లేదో తెలియదు గానీ ఆగకుండా పోయిన డ్రైవర్‌ను తను చూడలేదట. ఒకసారి దోర్నాల దాటాక ఫ్యాన్ బెల్టు తెగితే ఎదురొచ్చిన వేరే డిపో డ్రైవర్ తన దగ్గరున్న బెల్టు ఇచ్చి, బిగించేదాకా టార్చి పట్టుకు నిలబడ్డాడట. "ఆయన పేరు కూడా అడగలా" అన్నాడు. నా ముప్పై ఒకటో ఏట, మా నాన్న ఉద్యోగం గురించి నేను విన్న మొదటి కథ అది.

మిగతా విజయాలు గబగబా చెప్పేశాను. నాస్కార్‌లో అన్నిటికన్నా పేరున్న రేసు డేటోనా 500. 1975లో దాన్ని 32వ స్థానంలో మొదలుపెట్టి గెలిచాడు. 1980లో మా షార్లెట్‌లో 600 మైళ్ల రేసు. 1982లో టాలడేగా ట్రాక్‌లో, రేసుకు ముందు ఎవరు ఏ వరసలో మొదలుపెట్టాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో, గంటకు 200.176 మైళ్లు. నాస్కార్ క్వాలిఫయింగ్‌లో 200 దాటిన మొదటి మనిషి ఆయనే. కిలోమీటర్లలో 322. మొత్తం 526 రేసులు, 21 గెలుపులు. 1988లో తోలడం ఆపి పూర్తిగా మైకు దగ్గరకు వచ్చాడు. 2001 నుంచి ఎన్‌బీసీ, టీఎన్‌టీ ప్రసారాల్లో చెప్పాడు.

ఇక్కడ నాకొక సందేహం వచ్చింది. తోలడం వచ్చినవాళ్లంతా చెప్పలేరు. మరి వీళ్లకెలా వచ్చింది? నెడ్ జారెట్ గురించి చదివాక కొంత తెలిసింది. నెడ్ 1961లో, 1965లో ఛాంపియన్. 1959లో అప్పు చేసి మొదలుపెట్టిన మనిషి. శుక్రవారం బ్యాంకు మూసేశాక 2,000 డాలర్లకు చెక్కు రాసిచ్చి కారు కొన్నాడు. ఖాతాలో డబ్బు లేదు. శని, ఆదివారాల్లో రెండు రేసులూ గెలిచి సోమవారం ఆ చెక్కు నిలబెట్టుకున్నాడు. స్టీరింగ్‌కు చుట్టిన టేపు గీరుకుని చేతులు పచ్చి పుండ్లయితే రెండో రేసులో తోటి డ్రైవర్లు కాసేపు తోలి సాయం చేశారు. అంత తెగువ ఉన్న మనిషికి కూడా నలుగురిలో మాట్లాడటం భయం. అందుకని డేల్ కార్నెగీ కోర్సులో చేరి నేర్చుకున్నాడు. 1966లో, 34 ఏళ్లకే, తోలడం మానేశాడు. ఆ తర్వాత రేడియో, టీవీ. 1979లో డేటోనా 500 మొదటిసారి మొదటినుంచి చివరిదాకా ప్రత్యక్షంగా టీవీలో వచ్చినప్పుడు కార్లు పెట్రోలుకు, టైర్లకు ఆగే పిట్స్‌లోంచి రిపోర్ట్ చేసినవాళ్లలో నెడ్ ఒకడు.

"మాట్లాడ్డానికీ కోర్సుంటదా?" అని నాన్న అడిగాడు. ఉంటుందన్నాను. డ్రైవింగ్ స్కూలు లాగే అదీ ఒక స్కూలు అన్నాను.

1993 డేటోనా 500 ఆఖరి చుట్టు వీడియో నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. నెడ్ కొడుకు డేల్ జారెట్, ఆ కాలపు మేటి డ్రైవర్ డేల్ ఎర్న్‌హార్ట్‌ను దాటి ముందుకొచ్చాడు. సీబీఎస్ వ్యాఖ్యానంలో పక్కవాళ్లు తగ్గి మైకు నెడ్‌కు వదిలేశారు. తను ఎవరి పక్షమో నెడ్ దాచుకోలేదు. కానీ శ్రద్ధగా వింటే ఆయన కొడుకును పొగడలేదు. కారును లోపలి గీతకు తీసుకో, ఆయన్ను లోపలికి రానీకు అని చెబుతున్నాడు. కొడుక్కు ఆ మాట వినపడదని తెలిసీ, డ్రైవర్ అయిన తండ్రి పక్క సీట్లో కూర్చుని చెప్పినట్టు చెప్పాడు. కొడుకు గెలిచాడు. వ్యాఖ్యాతగా ఒకరి పక్షం వహించానని బాధపడి తర్వాత ఎర్న్‌హార్ట్ దగ్గరికి వెళ్లి క్షమించమని అడిగాడు. నేనూ తండ్రినేగా అని ఎర్న్‌హార్ట్ అన్నాడట. ఆ వీడియో చూసినప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది. ఆ డేల్ జారెట్ కూడా 2008లో రేసులు ఆపి ఈఎస్‌పీఎన్ మైకు దగ్గరే చేరాడు.

2016లో ఒక పని చేశాను. షార్లెట్ ట్రాక్ మీదే డబ్బు కట్టి పక్కసీట్లో మూడు చుట్లు తిరగొచ్చు. నిప్పంటుకోని సూటు తొడిగారు, హెల్మెట్ పెట్టారు, మెడ కదలకుండా భుజాల మీద ఒక పట్టీ వేశారు. కిటికీలోంచి ముందు కాళ్లు, తర్వాత నడుము, తర్వాత తల. బెల్టులు బిగించాక ఊపిరి సగమే తీసుకోగలిగాను. కిటికీకి వల కట్టేశారు. ఇంజన్ స్టార్ట్ చేయగానే పళ్లు వాటంతటవే తగులుకుంటున్నాయి. మొదటి మలుపు ఎదురుగా గోడలా లేచి కనపడింది. ఆ వంపు 24 డిగ్రీలు. అంత వేగంలో అందులోకి దూరేటప్పుడు ఒళ్లంతా కుడిపక్కకు, కిందికి నొక్కేసినట్టయింది. తల నిలబెట్టుకోవడం ఒక్కటే గుర్తుంది. మూడు చుట్లు రెండు నిమిషాల్లో అయిపోయాయి.

ఆ రాత్రే ఫోన్ చేశాను. "ఎట్లుంది?" అని నాన్న అడిగాడు.

"భలే ఉంది నాన్నా. మాటల్లో చెప్పలేను."

"మలుపులోకి పోకముందు కాలు ఎక్కడ తీశాడు?"

చూడలేదన్నాను.

"మళ్లీ ఎక్సిలేటర్ ఎక్కడ అందుకున్నాడు? మలుపు సగానికా, బయటికొచ్చాకా?"

అదీ చూడలేదు.

నాన్న ఏమీ అనలేదు. ఆ రాత్రి మళ్లీ పాత ప్రసారం ఒకటి పెట్టుకుని బెన్నీ ఏం చెబుతున్నాడో కొత్తగా విన్నాను. నాన్న అడిగినవే ఆయన చెబుతున్నాడు. కాలు ఎక్కడ తీశాడు, ఎక్కడ అందుకున్నాడు, చేతులు ఎంత తిప్పాడు, సీటు కింద ఏం తెలిసింది. అన్ని రేసులు చూసినా నాకు వేగమే కనపడింది, పని కనపడలేదు. నేను ప్రయాణికుడిలా కూర్చున్నాను, నాన్న డ్రైవర్‌లా అడిగాడు. మాటల్లో చెప్పలేనని నేనన్న ఆ చోటనే బెన్నీ ఇరవై ఏళ్లు నిలబడి మాటల్లో చెప్పాడు.

2017 మే 28 కోకా-కోలా 600 నాన్నతో కలిసి చూశాను. నేను షార్లెట్‌లో ఇంట్లో, టీవీ ముందు. ఆయన మార్కాపురంలో, వీడియో కాల్‌లో. ఇక్కడ ఆదివారం రాత్రి, అక్కడ సోమవారం పొద్దున. వాన వల్ల మధ్యలో గంటన్నరకు పైగా ఆగింది. నాన్న ఆలోపు టిఫిన్ చేసి వచ్చి కూర్చున్నాడు. ఫాక్స్ వ్యాఖ్యానంలో మైక్ జాయ్ పక్కన డారెల్ వాల్ట్రిప్, జెఫ్ గోర్డన్. ఇద్దరూ డ్రైవర్లే. వాల్ట్రిప్ మూడుసార్లు ఛాంపియన్, గోర్డన్ నాలుగుసార్లు. వాళ్లు చెప్పేది నేను తెలుగులో చెప్పాలి. అదే మా ఒప్పందం.

చివరి గంటలో లెక్కంతా పెట్రోలు మీదికి వచ్చింది. ఎక్కువ వేగం ఉన్నవాళ్లు మళ్లీ ఆగి పోసుకున్నారు. జిమ్మీ జాన్సన్, మూడో నంబరు కారులో ఆస్టిన్ డిల్లన్ ఆగకుండా, ఉన్న పెట్రోలుతోనే సాగదీస్తున్నారు. ఇది చెప్పేసరికి నాన్న కుర్చీలో ముందుకు జరిగాడు.

"కేఎంపీఎల్!"

ఆర్టీసీలో పనిచేసినవాళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చింది అన్న లెక్క. నెల తిరిగేసరికి డిపోలో ఒక్కో డ్రైవర్ పేరు ఎదురుగా ఆ అంకె ఉంటుంది. మా నాన్నది ఎప్పుడూ పైవరసలోనే ఉండేదని అమ్మ చెప్పింది, అదీ ఆ పొద్దునే.

"ఆ మూడో నంబరు వాడు కాలు ముందే తీస్తున్నాడేమో చూడు. మలుపు రాకముందే తీసి బండిని దానంతట అది పోనివ్వాలి. స్టాపు ముందర మేం అట్నే చేసేవాళ్లం. బ్రేకు తొక్కావంటే తాగిన డీజిలు నేల పోసినట్టే."

గోర్డన్ సరిగ్గా అదే చెబుతున్నాడు. డిల్లన్ మలుపులకు ముందే కాలు తీస్తూ బండిని జార్చుకుంటూ పోతున్నాడని. నేను తెలుగులో చెప్పబోయి ఆగాను. నాన్న అప్పటికే చెప్పేశాడు కాబట్టి. చివరి పది చుట్లు అట్లాగే నడిచాయి. టీవీలో ఇంగ్లీషులో ఒక డ్రైవరు, ఫోన్లో తెలుగులో ఒక డ్రైవరు. రెండు చుట్లు మిగిలుండగా ముందున్న జాన్సన్ బండిలో పెట్రోలు అయిపోయింది. "అయిపోయింది చూడు, ముక్కు దిగింది" అని నాన్న కేకేశాడు. డిల్లన్ గెలిచాడు. నాస్కార్ పైస్థాయి పోటీ కప్ సిరీస్‌లో అతనికదే మొదటి గెలుపు. పైగా డేల్ ఎర్న్‌హార్ట్ తోలిన నంబరు 3. 2000లో ఎర్న్‌హార్ట్ చివరిసారి గెలిచాక ఆ నంబరు మళ్లీ గెలవడం అప్పుడే. ఇక్కడ అర్ధరాత్రి దాటింది, అక్కడ ఎండ వాకిట్లోకి వచ్చింది. వెనక అమ్మ నవ్వు వినపడింది. మా నాన్న అంత గట్టిగా మాట్లాడటం నేనదే వినడం.

2019 అక్టోబరులో అమ్మానాన్నలను ఇక్కడికి తీసుకొచ్చాను. షార్లెట్‌లో ఉన్న నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్ మొదట చూపించాను. బెన్నీని 2017లో అందులో చేర్చారు, నెడ్‌ను 2011లో. లోపల పాత కార్లను వంపు రోడ్డు మీద వరసగా నిలబెట్టారు. ఆ వంపు పెరుగుతూ చివరికి టాలడేగా లాగా 33 డిగ్రీలకు వస్తుంది. నాన్న అక్కడ నిలబడి ఆ వాలును పైనుంచి కిందిదాకా చూశాడు. "దీని మీద బండి ఆగితే దొర్లిపోదూ?" అన్నాడు. వేగమే నిలబెడుతుంది నాన్నా అన్నాను.

తర్వాత శనివారం విల్క్స్ కౌంటీ బయల్దేరాం. 77వ నంబరు హైవే మీద ఉత్తరానికి వెళ్లి 421 ఎక్కితే నార్త్ విల్క్స్‌బరో స్పీడ్‌వే రోడ్డు మీదికే కనపడుతుంది. అప్పటికి 1996 నుంచి పెద్ద రేసు లేక పాడుబడి ఉంది. స్టాండ్లలో గడ్డి. (తర్వాత మళ్లీ తెరిచి 2023లో నాస్కార్ ఆల్ స్టార్ రేసు పెట్టారు. అది చూడటానికి నేనొక్కణ్నే వెళ్లాను.) ఆ ట్రాక్‌లో ఒకవైపు దిగుడు, ఒకవైపు ఎక్కుడు. అది చెబితే నాన్న కారు ఆపమన్నాడు. కంచె బయట నిలబడి చాలాసేపు చూశాడు. ఈ కొండల్లోనే ఒకప్పుడు నాటుసారా వేసుకుని పోలీసులకు అందకుండా రాత్రిళ్లు కార్లు తోలేవాళ్లని, రేసుల పుట్టుక అక్కడేనని చెప్పాను. ఆ సంగతి కన్నా ఆయన మనసు ఆ ఎక్కుడు దిగుడు మీదే ఉంది.

బెన్నీకి 2006 జులైలో ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. చికిత్స జరుగుతుండగానే ప్రసారాలకు వచ్చాడు. 2007 జనవరి 16న షార్లెట్‌లో పోయాడు, 65 ఏళ్లకు. సిగరెట్లు మానేసి అప్పటికి దాదాపు ముప్పై ఏళ్లు. ఇది నాన్నకు దారిలో చెప్పాను. కాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు.

విల్క్స్‌బరో దాటాక 421 కొండెక్కుతుంది. ఆకులన్నీ ఎర్రబడి ఉన్నాయి. పైన బ్లూ రిడ్జ్ పార్క్‌వే అనే కొండరోడ్డు మీద కాసేపు తిరిగి, అదే దారిన దిగుతున్నాం. నేను బ్రేకు మీద కాలు పెట్టినప్పుడల్లా నాన్న కుడికాలు కూడా కింద నొక్కుతోంది. నాలుగోసారికి ఆగలేక నోరు తెరిచాడు.

"ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలిరా."

ఆటోమేటిక్ అయినా చేత్తో కింది గేరుకు మార్చాను. కప్పు పెట్టుకునే చోట ఫోన్ పెట్టి రికార్డింగ్ నొక్కాను. ఆ సంగతి తర్వాత చెప్పాను.

"ఆ, ఇప్పుడు ఇంజనే పట్టుకుంటది. వినపడ్డదా గొంతు మారింది? బండి బరువంతా ముందుకొచ్చింది, నీ నడుముకు తెలుస్తది. చేతికి తెలియదు, నడుముకు తెలుస్తది. మా శివరాత్రి స్పెషల్లో అరవై మంది కూర్చుని, ముప్పై మంది నిలబడేవాళ్లు. దోర్నాల దాటాక బండి ఒంటిమీద ఎవరు ఏ పక్క వాలారో సీట్లో కూర్చుంటే తెలిసేది. మలుపులో జనం కూడా వాలతారు, ఆ బరువు లెక్కేసుకోవాలి. కండక్టరు బెల్లు కొట్టకముందే తెలిసేది ఎవరో లేచారని."

నేనేమీ మాట్లాడలేదు. వెనక సీట్లో అమ్మ నిద్రపోవడం లేదు, వింటోంది.

"లారీ ఎదురొస్తే హారన్ కన్నా ముందు లైటు వెయ్యాలి. ఎక్కేవాడికి దారివ్వాలి. ఎక్కేవాడు ఆగితే మళ్లీ లేవలేడు. శిఖరం దగ్గరికొచ్చేసరికి బస్సులో అందరూ లేచేవాళ్లు, గోపురం కనపడతదని. ఒకళ్ల మీద ఒకళ్లు పడి కిటికీల్లోంచి చూసి దండం పెట్టుకునేవాళ్లు. అప్పుడు బండి మొత్తం ఒక పక్కకు ఒరిగేది. ఇన్నేళ్లలో ఆ మలుపు దగ్గర గోపురం నేనెప్పుడూ చూళ్లేదు. ఒరిగింది సరిచేసుకుంటా రోడ్డు చూడాలి గదా. కాలు తియ్యి, ముందర మలుపుంది."